గోడ మీద పేర్లు

మా ముడిమ్యాల నుంచి మొయినాబాద్ మీదుగా లంగర్‌హౌజ్ చేరితే గోల్కొండ వచ్చినట్టే. చుట్టాలు ఎవరొచ్చినా ముందు తీసుకెళ్లేది అక్కడికే. చప్పట్లు కొడతాం, బాలాహిస్సార్ ఎక్కుతాం, ఫోటోలు దిగి వచ్చేస్తాం.

మొన్న సెలవుల్లో వెళ్లినప్పుడు మా చిన్నోడు తాళంచెవితో గోడ మీద పేరు గీస్తున్నాడు. చెయ్యి మీద ఒక్కటేశాను. "ఎవరూ ఉండని పాత కోటే కదమ్మా!" అన్నాడు.

తప్పు వాడిది కాదు, మేం చూపించింది అంతే. గోల్కొండ అంటే కొండ మీది శిథిలాలేనా? 8 దర్వాజాలు, 87 బురుజులున్న బయటి గోడ లోపల ఇప్పటికీ ఊరుంది. ఫతే దర్వాజా కింద నుంచే ఆటోలు తిరుగుతాయి, పిల్లలు బడికి పోతారు. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకోవడంతో కుతుబ్‌షాహీల రాజ్యం పోయింది గానీ ఊరు పోలేదు. ఆషాఢంలో హైదరాబాద్ బోనాలు మొదలయ్యేది కూడా ఆ కొండ మీది జగదాంబిక అమ్మవారి దగ్గరే.

అందుకే పిల్లల్ని ముందు ఆ గల్లీల్లో తిప్పి, తర్వాత మెట్లెక్కించాలంటాను. మనుషులుండే చోటని తెలిస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

ఒక మాట దాచకూడదు. పెళ్లయిన కొత్తలో మా ఆయన అక్కడే బొగ్గుతో మా ఇద్దరి పేర్లు రాస్తే మురిసిపోయినదాన్ని నేను. తిరుగు బస్సులో చిన్నోడికి ఆ సంగతి చెప్పేశాను. "మరి నాన్నను కొట్టలేదేం?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.