‘ప్రకృతి సహజం’ అనే మాటకు పండ్ల ఈగ సాక్ష్యం

మగ్గిన అరటిపండ్ల మీద చిన్న ఈగలు ముసరని ఇల్లుండదు. వాటిలో డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే జాతి నూరేళ్లకు పైగా జన్యుశాస్త్రానికి సేవ చేస్తున్నది. ఆడ, మగ ప్రాణుల కలయిక పరస్పర సహకారమే అన్న మన నమ్మకాన్ని కదిలించినదీ అదే.

మగ ఈగ వీర్యంలో శుక్రకణాలతో పాటు అనేక ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో సెక్స్ పెప్టైడ్ 36 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది శుక్రకణాల తోకలను అంటుకొని, కొద్దికొద్దిగా విడుదలవుతూ ఉంటుంది. దాని ప్రభావంతో ఆడ ఈగ సుమారు వారం రోజులు మరో మగ ఈగను దరిచేరనీయదు. గుడ్లు మాత్రం ఎక్కువగా పెడుతుంది. మగ ఈగకు ఇది లాభమే. మూల్యం చెల్లించేది ఆడ ఈగ. ఈ వీర్యద్రవం ఆడ ఈగల ఆయుష్షును తగ్గిస్తుందని 1995లో ట్రేసీ చాప్‌మన్ బృందం నిరూపించింది. ఇందులో పగ లేదు, క్రూరత్వమూ లేదు. రేపు ఆ ఆడ ఈగ కనేది మరో మగ ఈగ సంతానాన్ని కావచ్చు. కనుక దాని రేపటి ఆరోగ్యం ఈ మగ ఈగ లెక్కలోకి రాదు.

“మగజాతి స్వభావమే అంత, ప్రకృతి సహజం” అని కొందరు ఇక్కడే తీర్పు చెప్పేస్తారు. భార్య ఆరోగ్యాన్ని పట్టించుకోని భర్తల తరఫున ఈ వాదన నా వైద్యవృత్తిలో ఎన్నోసార్లు విన్నాను (ఈగ పేరు చెప్పి కాదు లెండి). ఈ వాదనకు ఈగ కూడా కలసిరాదు.

బ్రెట్ హాలండ్, విలియం రైస్ 1999లో ప్రచురించిన ప్రయోగమే అందుకు ఆధారం. వారు కొన్ని ఈగలను 47 తరాలపాటు ఒక ఆడ, ఒక మగ చొప్పున జతకట్టించారు. మరికొన్నింటిలో ఒక్కో ఆడ ఈగకు మూడేసి మగ ఈగలను ఉంచారు. ఏకదాంపత్యంలో మగ ఈగకు వేరే సంతానమార్గం లేదు. జత ఈగ నష్టపోతే తానూ నష్టపోతుంది. తరాలు గడిచేకొద్దీ ఆ మగ ఈగలు తమ జతలకు తక్కువ హాని చేసేవిగా మారాయి. ఆ వంశాల సంతానోత్పత్తి సామర్థ్యం కూడా పెరిగింది. స్వభావమని మనం పిలిచినది పరిస్థితిని బట్టి మారిందన్నమాట.

అయితే దీనిని మానవుల ఏకపత్నీవ్రతానికి శాస్త్రప్రమాణంగా చూపేవారితోనూ నేను ఏకీభవించను. ఈగకు వివేచన లేదు, చట్టం లేదు. మారినవి తరతరాల జన్యువులు మాత్రమే. పైగా అదే ప్రయోగంలో మరో ఫలితం ఉంది, దానిని వారు ప్రస్తావించరు. ఏకదాంపత్య వంశాల ఆడ ఈగలలో, మగ ఈగల వల్ల కలిగే హానిని తట్టుకొనే శక్తి కూడా తగ్గిపోయింది.