వందేళ్లలో భూమి ఖాళీ చేయాలని హాకింగ్ అన్నాడా?

2017 మేలో దేశదేశాల పత్రికలు ఒకే కేక వేశాయి. మనిషికి ఇంక 100 ఏళ్లే గడువు, ఆలోగా ఇంకో గ్రహం చూసుకోవాల్సిందేనట. అన్నదెవరు? స్టీఫెన్ హాకింగ్. చక్రాల కుర్చీలో కూచుని, కంప్యూటర్ గొంతుతో విశ్వం లెక్కలు చెప్పిన ఇంగ్లండు శాస్త్రవేత్త. అంతటోడు అన్నాక ఇంకేముంది! 2018లో ఆయన చనిపోయాడు గానీ ఆ మాట చావలేదు.

ఈ భూమి నాదని ఎవడన్నా వస్తే మనం ఏమడుగుతాం? కాగితం చూపమంటాం. తేదీ చూస్తాం, సంతకం చూస్తాం. పెద్దోళ్ల మాటకూ అంతే. ఎప్పుడన్నాడు, ఎక్కడన్నాడు, ముందూ వెనకా ఏమన్నాడు?

ఆ 100 ఏళ్ల కాగితం బిబిసి వాళ్లది. తమ టీవీ కార్యక్రమం వస్తోందని చాటుకునే ప్రకటనలో, హాకింగ్ ఇట్లా అనుకుంటున్నాడని వాళ్ల మాటల్లో వాళ్లు రాసుకున్నారు. పత్రికలు దాన్ని తీసుకెళ్లి ఆయన నోట్లో పెట్టాయి. అంతకు ఆరు నెలల ముందే, 2016 నవంబరులో, ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థుల ముందు ఆయన చెప్పిన లెక్క 1000 ఏళ్లు. మధ్యలో 900 ఏళ్లు ఎవరు మింగారు?

అసలు సంగతి ఇంకా వెనక ఉంది. 2016 జనవరిలో రేడియో ఉపన్యాసం ఇస్తుంటే, లోకం ఎట్లా అంతమవుతుందని సభలోంచి ప్రశ్న వచ్చింది. ఏ ఒక్క ఏడాదిలోనో పెద్ద ముప్పు వచ్చే అవకాశం తక్కువే, కానీ వెయ్యేళ్లో పదివేల ఏళ్లో కలిపి చూస్తే తప్పదన్నంత అవుతుంది, ఆలోగా మనుషులు అంతరిక్షంలోకి పాకాలి అన్నాడు. అక్కడితో ఆగలేదు. తమ కాళ్లమీద తాము నిలబడే కాలనీలు అంతరిక్షంలో కనీసం ఇంకో 100 ఏళ్ల దాకా రావు, కనుక ఈ కాలమంతా చాలా జాగ్రత్తగా మసలుకోవాలి అన్నాడు. అంకె అదే, 100. కానీ 'వందేళ్లదాకా పోవడానికి చోటు లేదు, జాగ్రత్త' అనడం వేరు, 'వందేళ్లలో పోవాలి' అనడం వేరు కాదా?

అట్లాగని హాకింగ్ అంతరిక్ష వలసను కాదన్నవాడు కాదు. 2017 జూన్‌లో నార్వేలో, 30 ఏళ్లలో చంద్రుడి మీద స్థావరం కట్టాలని గట్టిగానే వాదించాడు. ఇది మనం దాచకూడదు. మనకు నచ్చిన ముక్క మనమూ కోసుకుంటే ఆ పత్రికలకూ మనకూ తేడా ఏముంది?

ఎక్కడి గ్రహాలో, కూలినాలి చేసుకునే మనకెందుకు అంటారేమో. భూమి ఎట్లాగూ విడిచిపోయేదే అంటే చెరువు ఎవడు బాగుచేస్తాడు? ఫ్యాక్టరీ మురుగు ఎవడు ఆపుతాడు? పోయేవాళ్లెవరో కూడా చూడండి. 2001లో డెన్నిస్ టిటో అనే అమెరికా ధనికుడు సొంత డబ్బుతో అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చాడు. వారం రోజుల ముచ్చటకు దాదాపు 2 కోట్ల డాలర్లు! మనకు ఆ టిక్కెట్టు ఎవరిస్తారు?

ఆయన సొంతంగా రాసిన కాగితం కూడా ఉంది. 2016 డిసెంబరు 1న గార్డియన్ పత్రికలో వచ్చింది. కొన్ని వందల ఏళ్లకు నక్షత్రాల మధ్య కాలనీలు వస్తే రావచ్చు, ఇప్పటికి మాత్రం ఉన్నది ఒకటే గ్రహం, కలిసి కాపాడుకోవాలి అన్నాడందులో. వనరులు కొద్దిమంది గుప్పిట్లోకి పోతున్నాయి, ఇప్పటికంటే చాలా ఎక్కువగా పంచుకోవడం నేర్చుకోవాలి అని కూడా రాశాడు. హాకింగ్ పేరుతో పోస్టరు వేయాలనుకునే కార్యకర్తలు ఈ మాట వేయండి. కింద తేదీ మరవకండి.