జోస్యం చెప్పే ప్రోటీన్లు - చుట్ట మానని మామ్మలు

కేన్సరు అని తేలాక ఏ రోగి అయినా ముందు అడిగేది "బతుకుతానా?" అనే. నోటి కేన్సరులో డాక్టర్లు ఈనాటికీ ముఖ్యంగా మూడు సంగతులు చూసి జవాబు చెబుతారు: కణితి ఎంత పెద్దది, ఎంత లోతుకు దిగింది, మెడలోని లింఫు గ్రంథులకు పాకిందా. అయితే ఈ మూడూ ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరు పదేళ్లు బతకొచ్చు, ఇంకొకరికి ఏడాది తిరక్కుండానే జబ్బు తిరగబెట్టొచ్చు. ఒకే మడిలో ఒకేనాడు ఊడ్చిన నారులో కొంత ఏపుగా లేచి కొంత ఎర్రబడిపోయినట్టు!

ఈ తేడా కణంలోని ప్రోటీన్లలో దొరుకుతుందని శాస్త్రజ్ఞుల ఆశ. 1979లో కనుగొన్న పి-53 ఇందులో ప్రసిద్ధమైనది. కణం అడ్డదిడ్డంగా పెరగకుండా కాపలా కాస్తుంది. దీని జన్యువు చెడితే పనికిరాని ప్రోటీను కణకేంద్రంలో పేరుకుపోతుంది. కణితి ముక్కకు యాంటీబాడీతో రంగు పట్టిస్తే గోధుమరంగులో కనబడుతుంది. కాని కొన్ని మార్పుల్లో ప్రోటీను అసలే తయారు కాదు. అప్పుడు స్లైడు ఖాళీ! అంటే బాగా రంగు పట్టినా చెడే, బొత్తిగా పట్టకపోయినా చెడు కావచ్చు. ఒక పరిశోధన "ఇది ప్రమాద సూచన" అంటే మరొకటి "సంబంధం లేదు" అనటానికి ఇదొక కారణం. విభజన చెందే కణాలను చూపే కీ-67 సంగతీ తేలలేదు. పి-16 గొంతు, టాన్సిల్ కేన్సర్లలో మంచి సూచిక అని 2017 నాటి వర్గీకరణలోకే ఎక్కింది. నాలుక, బుగ్గ, అంగిలి కేన్సర్లకు మాత్రం ఆ లెక్క వర్తించదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు.

నేను ఈ పరిశోధనకు వ్యతిరేకిని కాను. నాకే అవసరం కూడా. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగటం, అంటే నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చటం, మనకు తెలిసిందే. అంగిలి కేన్సరుకు అది దారి. మా మామ్మ నోట్లో టార్చిలైటు వేసి చూస్తే అంగిలంతా తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. "ఏటౌద్దిరా, నొప్పి నేదు కదేటి?" అంది. పట్నంలో డాక్టరుగారు ముక్క తీసి పరీక్ష చేయించి, ఇప్పటికి కేన్సరు కాదు, చుట్ట మానెయ్యమన్నారు. రేపు అవుతుందా అంటే నమ్మకంగా చెప్పగల ప్రోటీను ఏదీ లేదు. మామ్మ చుట్టా మానలేదు.

కనుక నా అభిప్రాయం ఇది. ఒక్కొక్క ప్రోటీను, నలభై యాభై స్లైడులతో వ్యాసాలు అచ్చేసుకోవటం చాలించి, పది ఆసుపత్రులు కలిసి ఒకే పద్ధతిలో, వందల రోగులను ఏళ్ల తరబడి గమనించాలి. ఫలితాన్ని బట్టి వైద్యం మారకపోతే ఆ పరీక్ష ఖర్చు రోగి నెత్తిన వెయ్యకూడదు. 2015లో ముంబయి టాటా మెమోరియల్ వారు, తొలిదశ నోటి కేన్సరులో మెడ గ్రంథులను ముందే తీసేస్తే ఎక్కువమంది బతుకుతారని నిరూపించారు. అలాంటి గట్టి పరిశోధన కావాలి.

ఇక మనం? ఈసారి ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో రోడ్డుకు మట్టి పోసే పని రెండు రోజులు తగ్గించి, దంతవైద్యుణ్ణి వెంటబెట్టుకుని ఏదైనా ఒక తీరపు పల్లెకు పోదాం. టార్చిలైట్లు చాలు. మామ్మలు నోరు తెరవటానికి మొహమాటపడతారు కాబట్టి విద్యార్థినులు ఎక్కువమంది రావాలి.