ఇంటి చదువుకు చట్టమేదీ?

బిడ్డను బడికి పంపకుండా ఇంటి వద్దనే చదివించడం తల్లిదండ్రుల హక్కా, చట్ట ఉల్లంఘనా? మన చట్టాలలో దీనికి సూటి సమాధానం లేదు. పుదుచ్చేరిలో ఈ ప్రశ్న తలెత్తడం సహజం. 1943లో అక్కడ ఆరంభమైన అరవిందాశ్రమ విద్యాలయం డిగ్రీ పట్టాలు ప్రదానం చేయదు. చదువుకు పట్టాయే పరమార్థం కాదని నమ్మే కుటుంబాలకు అది ఆదర్శం కావచ్చు. కానీ అది విద్యాలయం, ఇల్లు కాదు.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల బాలలకు విద్యను 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 10వ సెక్షన్, పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అన్నది. ఆ విధిని విస్మరించినవారికి మాత్రం శిక్ష ఏదీ నిర్దేశించలేదు. గుర్తింపు లేని బడి నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా తప్పదు. 2012 నాటి సవరణ తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం గల బాలలకు ఇంటి వద్ద విద్యను ఎంచుకొనే హక్కు కల్పించింది. తక్కిన పిల్లల ఇంటి చదువుపై చట్టం మౌనం వహించింది.

ఈ స్థితిలో జాతీయ సార్వత్రిక విద్యా సంస్థే దిక్కు. మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలను అది నిర్వహిస్తోంది. పద్నాలుగేళ్లు నిండినవారు పదో తరగతి పరీక్ష రాయవచ్చు.

విద్యావంతులైన తల్లిదండ్రుల బిడ్డకు చట్టం మౌనం వల్ల కలిగే నష్టం స్వల్పమే. తమ్ముణ్ణి చంకనెత్తుకొని ఇంటిపట్టున ఉండిపోయే పేద ఆడపిల్ల మాటేమిటి? ప్రమాదకరం కాని కుటుంబ వృత్తులలో పిల్లలు బడి వేళల తర్వాత సాయపడవచ్చని 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. బడే లేని బిడ్డకు బడి వేళలెక్కడివి? ఇంటి చదువు పేరిట ఇంటి చాకిరీ సాగితే పట్టించుకొనే నాథుడెవరు?

జర్మనీ బడిని తప్పనిసరి చేసింది. ఇంగ్లండు ఇంటి చదువును అనుమతించింది. దారులు వేరైనా రెండుచోట్లా అస్పష్టత లేదు. మన కేంద్ర ప్రభుత్వమూ చట్టాన్ని సవరించి, ఇంటి చదువుకు మూడు షరతులు విధించాలి. పిల్లల పేర్ల నమోదు, ఏటా విద్యాధికారి పరిశీలన, గుర్తింపు పొందిన పరీక్షకు హాజరు. పుదుచ్చేరి పట్టణంలోని బిడ్డకైనా, యానాంలోని బిడ్డకైనా నియమం ఒక్కటే కావాలి. తల్లిదండ్రుల స్వేచ్ఛ గౌరవనీయమే; అది బిడ్డ హక్కును మింగివేయరాదు.