మందు కొట్టే సంగతి డాక్టరుకు చెప్పండి

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు పుట్టకపోతే మన ఊళ్లలో అందరూ వేలు చూపేది కోడలి వైపే. మొక్కులు, నాటు వైద్యాలు అయ్యాక అప్పో సప్పో చేసి పట్నంలో సంతానం డాక్టరు దగ్గరికి వెళతారు. అక్కడ రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ చేయించుకుంటాం. సీజనులో ఎన్నిసార్లు పురుగుమందు కొడతామో మాత్రం చెప్పం. రైతు సోదరులారా, ముందుగా చెప్పాల్సింది అదే.

అమెరికాలోని కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. తమకు పిల్లలు పుట్టడం లేదని అక్కడి కార్మికులే గమనించారు. 1977లో పరీక్షిస్తే చాలామందికి వీర్యకణాలు బాగా తగ్గిపోయాయి, కొందరికి అసలే లేవు. పైకి మాత్రం అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు!

డబ్బా మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే భయం లేదని మనవాళ్ల నమ్మకం. ఆ రంగులు చెప్పేది మందు ఒంట్లోకి పోతే ప్రాణానికి ఎంత ముప్పో అన్నది మాత్రమే. కొన్ని మందులు కొద్దికొద్దిగా ఒంట్లో చేరి హార్మోన్ల పనిని చెడగొడతాయి. ఆ సంగతి రంగు చెప్పదు. మనం తెగుళ్లకు వాడే కార్బెండజిమ్ జంతువుల మీద పరీక్షల్లో వృషణాలను దెబ్బతీసింది.

చికిత్స తీసుకునే ఆడవారి సంగతీ ఉంది. బోస్టన్‌లో 325 మంది మహిళల మీద జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. మందుల అవశేషాలు ఎక్కువుండే కూరగాయలు, పండ్లు ఎక్కువగా తిన్నవారిలో గర్భం నిలిచి బిడ్డ పుట్టడం తక్కువగా కనిపించింది. కారణం అదేనని దీంతోనే తేల్చలేం. అయినా తిన్నవారి సంగతే ఇలా ఉంటే, మందు కలిపేవారు, కొట్టిన చేలో కలుపు తీసేవారు, ఆ బట్టలు ఉతికేవారు జాగ్రత్త పడొద్దా?

వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకని చికిత్సకు ముందు కనీసం మూడు నెలలు భార్యాభర్తలిద్దరూ మందు జోలికి పోకపోవడం మేలు. తప్పనిసరైతే చేతులకు తొడుగులు, మూతికి మాస్కు, ఒంటినిండా బట్టలు ఉండాలి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. పని కాగానే సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

పిల్లలు లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, అన్నిటికీ మందే కారణం కాదు. కానీ వాడిన మందుల పేర్లు రాసుకెళ్లి డాక్టరుకు చూపితే పైసా ఖర్చు లేదు. మొగవాడు తనూ పరీక్ష చేయించుకోవాలి. మందు డబ్బా మోసేది తనైతే నింద ఆడదాని మీద వేయడం ఏం న్యాయం?