నవ్వుకి సర్టిఫికెట్ ఎవరివ్వాలి?

గోదారి జిల్లాల వాళ్ళకి వెటకారం పుట్టుకతోనే వస్తుందంటారు. రాజబాబుని కన్న రాజమండ్రిలో కూర్చుని ఆ మాట కాదనే ధైర్యం నాకు లేదు. పెళ్ళి భోజనంలో పులుసులో ఉప్పు తగ్గితే చాలు, ఇక్కడో జోకు పుడుతుంది. ఎవరూ నొచ్చుకోరు. కానీ మైకు పెట్టి, టిక్కెట్టు పెట్టి, పైగా రికార్డు కూడా చేశారో, కథ మారిపోతుంది!

మునావర్ ఫరూఖీ సంగతే చూడండి. యూట్యూబ్‌లో పెట్టిన ఓ వీడియో మీద 2020లో ప్రయాగ్‌రాజ్‌లో కేసు పడింది. 2021 జనవరి 1న ఇందోర్‌లో ప్రదర్శనకి వెళ్తే, దేవుళ్ళనీ కేంద్రమంత్రినీ ఎగతాళి చేశాడన్న ఫిర్యాదు మీద అరెస్టు చేశారు. హైకోర్టు బెయిలివ్వలేదు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఇచ్చాకే బయటపడ్డాడు. అంటే నెలకి పైగా జైలు! ఆ నవంబర్లో బెంగుళూరు ప్రదర్శన కూడా ఆగిపోయింది. రెండు నెలల్లో 12 ప్రదర్శనలు పోయాయని తనే వాపోయాడు.

అప్పుడు కేటీఆర్ మా హైదరాబాద్ రమ్మన్నారు. 2022 ఆగస్టు 20న శిల్పకళావేదికలో ప్రదర్శన పెట్టారు. జరగనివ్వనన్న ఎమ్మెల్యే రాజాసింగ్‌ని ముందురోజే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. హాలు చుట్టూ పోలీసులే. మొత్తానికి ప్రదర్శన జరిగింది. తర్వాత రాజాసింగ్ ఓ వీడియో పెట్టారు. ప్రవక్తని కించపరిచారన్న ఫిర్యాదులతో ఆగస్టు 23న ఆయన్నీ అరెస్టు చేశారు, పార్టీ సస్పెండ్ చేసింది. తమాషా ఏమిటంటే, ఆయన కూడా తనది కామెడీయేనన్నారు!

మరి ఏది కామెడీయో తేల్చేదెవరు?

సినిమాకైతే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఉంది, బోర్డుంది, సర్టిఫికెట్టుంది. స్టేజీ మీద తెల్లదొరలు 1876లో పెట్టిన నాటక ప్రదర్శనల చట్టం 2018లో రద్దయింది. 'ఇంకేం, కమెడియన్‌కి సెన్సారే లేదు, హాయి కదా!' అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. సినిమాలో ఏదైనా కత్తిరించమంటే కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితం పట్టుకుని నిర్మాత కోర్టుకెక్కొచ్చు. స్టేజీ ఆర్టిస్టుకి అదీ లేదు. హాలు యజమానికి ఓ ఫోనొస్తుంది. అంతే, హాలు ఖాళీ లేదంటాడు. ఎక్కడా ఎవరి సంతకం ఉండదు!

ఆ మాటకొస్తే సర్టిఫికెట్ మాత్రం ఎంతవరకు కాపాడింది గనక? 1987లో 'మండలాధీశుడు' వచ్చింది. ఎన్టీఆర్ మీద వ్యంగ్యం. ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావు, విజయవాడ రైల్వేస్టేషన్లో అభిమానులు తన మీద చెయ్యి చేసుకున్నారని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకొన్నారు. సర్టిఫికెట్టు రీలుకే గానీ నటుడి వీపుకి కాదు!

అమెరికాలో లెన్నీ బ్రూస్ అనే కమెడియన్‌ని అసభ్యపు మాటలన్నాడని 1964లో న్యూయార్క్ కోర్టు దోషిగా తేల్చింది. 1966లో పోయాడు. 2003లో గవర్నరు క్షమాభిక్ష పెట్టాడు. పుచ్చుకోడానికి మనిషేడీ?

పెద్దవాళ్ళ కథలు మనకెందుకంటారా? మొన్న కోనసీమలో ఓ తీర్థానికి వెళ్ళాను. మిమిక్రీ చేసే కుర్రాడు స్టేజీ ఎక్కబోతుంటే కమిటీ పెద్దాయన భుజం తట్టి, "ఏ హీరో గొంతైనా పట్టు బాబూ, నాయకుల జోలికి మాత్రం పోకు. మళ్ళీ సెల్లుల్లో తిరుగుద్ది" అన్నాడు. కుర్రాడు అలాగేనండీ అని బుద్ధిగా పాత హీరోల గొంతులు పట్టి దిగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆనక టీకొట్టు దగ్గర నాకొక్కడికే అసలు ఐటెం చేసి చూపించాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

"రికార్డు చేసి పెట్టుకో తమ్ముడూ" అన్నాను.

"చేశానండీ. భయమేసి నేనే చెరిపేశానండీ" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. పోలీసూ రాలేదు, కోర్టూ పిలవలేదు. అయినా సెన్సారైపోయింది!

ప్రతి జోకూ గొప్పదని నేననను. బలహీనుణ్ణి గేలిచేసే జోకు నాకూ రోతే. నచ్చకపోతే నవ్వకండి, టిక్కెట్టు కొనకండి, లేచి వెళ్ళిపోండి. నవ్వు రాని ప్రేక్షకుణ్ణి మించిన సెన్సారు కమెడియన్‌కి ఇంకోటి లేదు. ఆ అధికారం మాత్రం మీరే ఉంచుకోండి, ఫోన్లు చేసేవాళ్ళకి ఇవ్వకండి.