సేవాయాత్రకు ముందు

సేవ కోసం దేశం దాటే యువత ఆనవాయితీకి వందేళ్లు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఫ్రాన్స్ గ్రామంలో స్విస్ శాంతివాది పియేర్ సెరెసోల్ 1920లో పలు దేశాల వాళ్లతో పునర్నిర్మాణ శిబిరం నడిపారు. 1965లో హ్యూస్టన్‌లో మొదలైన అమిగోస్ సంస్థ హైస్కూలు విద్యార్థులను పోలియో టీకాల పనికి హోండూరస్ పంపింది.

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నవారికి పాఠశాలలు, యువజన సంస్థలే దారి. పాస్‌పోర్టు గడువు, తల్లిదండ్రుల సమ్మతి పత్రం, బీమా ముందే సరిచూసుకోవాలి. టూరిస్టు వీసాపై సేవను చాలా దేశాలు అనుమతించవు. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైన దేశాలకు వెళ్తుంటే, దాన్ని ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి.

పని ఎంపిక మరీ ముఖ్యం. అనాథాశ్రమాల్లో వారం వారం మారే అతిథుల వల్ల పిల్లల అనుబంధాలు పదేపదే తెగుతాయి. స్థానికులు అడిగిన, వారి కూలి పోగొట్టని పనే మేలు. ఈ సంచిక వ్యాసాలు ఈ ఏర్పాట్లను వివరిస్తాయి.